వీళ్లలో ఎవరైనా తప్పారా మేడమ్?

(ఆదివాసీ దినోత్సవం సందర్భంగా విశాఖపట్నంలో జరిగిన సభలో యువతీ యువకులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



నా గొంతు ఇక్కడున్న ఆడపిల్లల్లో కొందరికి బాగా తెలుసు. రాత్రి ఎనిమిదిన్నరకి హాజరు పిలిచిన గొంతు ఇది. పక్క మంచం అమ్మాయి హాజరు కూడా తామే పలికి నన్ను మోసం చేశామనుకున్నవాళ్లు రెండో వరుసలో కూర్చున్నారు. నాకు అప్పుడే తెలుసమ్మా. చెప్పలేదంతే.

సంఘం వాళ్లు నాకిచ్చిన అంశం "విజేతల జీవితాల నుంచి పాఠాలు". కళలు, విజ్ఞానం, క్రీడలు మూడూ రావాలన్నారు. సరేనన్నాను. కానీ ఈ అంశం విన్నప్పుడల్లా నాకు మా హాస్టల్ గోడ గుర్తొస్తుంది. ముందు ఆ సంగతి చెప్పి అసలు విషయంలోకి వస్తాను.

మా స్టడీ అవర్ జరిగే హాల్లో ఒక పొడవాటి గోడ ఉంది. నేను చార్జి తీసుకున్న కొత్తలో ఆ గోడంతా విజేతల ఫోటోలు అంటించాను. ఉపాధ్యాయ శిక్షణలో మనోవిజ్ఞానం పేపర్లో ప్రేరణ అని ఒక అధ్యాయం ఉంటుంది. పిల్లల కళ్లెదుట ఆదర్శాలు ఉండాలని అందులో చదివినదాన్ని. మెడలో పతకం ఉన్నవాళ్లు, మంచు కొండ మీద జెండా పట్టుకున్నవాళ్లు, రాష్ట్రపతి చేతుల మీదుగా పురస్కారం అందుకుంటున్నవాళ్లు. ఒక్కో ఫోటో కింద ఒక్కో నీతివాక్యం ఎర్ర స్కెచ్ పెన్నుతో నేనే రాశాను.

కొన్నేళ్ల కిందట పదో తరగతి ఫలితాలు వచ్చాక, పెట్టె తీసుకెళ్లడానికి ఒక అమ్మాయి హాస్టల్‌కి వచ్చింది. లెక్కల్లో తప్పింది. సెలవులు కాబట్టి హాల్లో ఎవరూ లేరు. ఆ గోడ ముందు కాసేపు నిలబడి, "వీళ్లలో ఎవరైనా తప్పారా మేడమ్?" అని అడిగింది. నేను స్టాకు రిజిస్టర్ రాసుకుంటున్నాను. తలెత్తకుండానే, "అవన్నీ ఇప్పుడెందుకే, సప్లిమెంటరీ రాసెయ్, పాసైపోతావు" అన్నాను. ఆ పిల్ల పెట్టె భుజాన పెట్టుకుని బస్టాండుకి వెళ్లిపోయింది.

తర్వాత తెలిసింది, ఆమె ఫీజు కట్టలేదు. వాళ్ల ఊళ్లో సిగ్నల్ లేదు, తేదీ చెప్పేవాళ్లు లేరు. ఆఖరు తేదీ నాకు తెలుసు. కబురు పంపే దారులూ తెలుసు. ఆ ఊరికి వెళ్లే టీచర్ ఉన్నారు, వారపు సంతకి దిగే వాళ్ల మామ ఉన్నాడు. నేను పంపలేదు. ఇందులో ఇంకెవరి తప్పూ లేదు.

ఆ రోజు ఆమెకి ఇవ్వని జవాబు కోసం తర్వాత చాలా వెతికాను. దొరికింది ఇవాళ మీకు చెప్తాను.

ముందుగా మన ఊరి అమ్మాయి జ్యోతి యర్రాజి. ఇదే విశాఖపట్నంలో 1999లో పుట్టింది. తండ్రి సెక్యూరిటీ గార్డు. తల్లి ఇళ్లలోనూ ఆసుపత్రిలోనూ శుభ్రం చేసే పని చేసేవారు. పోర్టు వాళ్ల హైస్కూల్లో చదివేటప్పుడు అక్కడి వ్యాయామ ఉపాధ్యాయుడు ఈ పిల్ల పొడుగు చూసి హర్డిల్స్‌కి పనికొస్తుందన్నారు. 2016లో హైదరాబాద్ వెళ్లి ద్రోణాచార్య పురస్కారం పొందిన కోచ్ నాగపురి రమేష్ దగ్గర చేరింది. తర్వాత భువనేశ్వర్‌లో జేమ్స్ హిల్లియర్ అనే బ్రిటన్ కోచ్ దగ్గర తయారైంది.

ఆమె పరుగు వంద మీటర్ల హర్డిల్స్. దారిలో పది అడ్డంకులుంటాయి. ఒక్కొక్కటి 83.8 సెంటీమీటర్ల ఎత్తు, మన డైనింగ్ హాలు బల్ల కంటే కాస్త ఎత్తు అనుకోండి. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఎనిమిదిన్నర మీటర్లు. ఆ మధ్యలో మూడే అడుగులు వేసి మళ్లీ ఎగరాలి. ఇదంతా పదమూడు సెకన్లలో అయిపోతుంది.

ఈ పరుగులో మన దేశపు రికార్డు 2002 నుంచి అనురాధా బిస్వాల్ పేరు మీద ఉండేది. 13.38 సెకన్లు. 2020 జనవరిలో కర్ణాటకలోని మూడబిదిరిలో విశ్వవిద్యాలయాల పోటీలు జరిగాయి. అక్కడ జ్యోతి 13.03లో పరిగెత్తింది. పద్దెనిమిదేళ్ల రికార్డు పోయిందని అందరూ సంబరపడ్డారు. కానీ అక్కడ రికార్డుకి కావలసిన డోప్ పరీక్ష జరగలేదు. సమాఖ్య తరఫు ప్రతినిధి కూడా లేరు. అందుకని ఆ పరుగు లెక్కలోకి రాలేదు.

ఆ వెంటనే కోవిడ్ వచ్చింది. రెండేళ్లు గడిచాయి. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో ఫెడరేషన్ కప్ జరిగింది. ఈసారి 13.09. మళ్లీ రికార్డు కంటే మెరుగే. అయితే వెనక నుంచి గాలి సెకనుకి రెండు మీటర్ల కంటే వేగంగా వీస్తే ఆ టైమును రికార్డుకి తీసుకోరు. ఆ రోజు గాలి వేగం 2.1. ఒకే ఒక్క పాయింటు ఎక్కువ. ఆ పరుగు కూడా లెక్కలోకి రాలేదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. అప్పటికి ఆమె వయసు ఇరవై రెండు. మీలో చాలామంది వయసే. రెండుసార్లు రికార్డు దాటింది, రెండుసార్లూ కాగితం మీద ఏమీ మిగల్లేదు. కోజికోడ్‌లో ఆ గాలి లెక్క విన్న మర్నాడు పొద్దున ఆమె లేచిందే, నన్నడిగితే ఆమె జీవితంలో మనం చూడాల్సిన రోజు అది. ఆ రోజు ఫోటో ఎవరూ తియ్యరు, అందుకే మా గోడ మీద లేదు.

ఆ మరుసటి నెల, 2022 మే 10న సైప్రస్ దేశంలో లిమస్సోల్ అనే ఊళ్లో పరిగెత్తింది. 13.23 సెకన్లు. గాలి సరిగ్గా ఉంది, పరీక్షలు ఉన్నాయి, రికార్డు ఆమె పేరు మీద నమోదైంది. గమనించారా? లెక్కలోకి వచ్చిన ఆ టైము, లెక్కలోకి రాని రెండిటికంటే నిదానం. అదే ఏడాది అక్టోబరులో 12.82 చేసి, పదమూడు సెకన్ల లోపు పరిగెత్తిన మొదటి భారతీయ మహిళ అయింది. 2023 జులైలో బ్యాంకాక్‌లో ఆసియా చాంపియన్‌షిప్ స్వర్ణం గెలిచింది. అక్కడ ఆమె టైము ఎంతో తెలుసా? 13.09. కోజికోడ్‌లో గాలికి పోయిన అంకె సరిగ్గా అదే!

ఇంకొక్క సంగతి చెప్పి జ్యోతిని వదిలేస్తాను. 2023లోనే హాంగ్‌జౌ ఆసియా క్రీడల ఫైనల్లో, తుపాకీ పేలకముందే కదిలారని చైనా అమ్మాయితో పాటు ఈమెని కూడా బయటకు పొమ్మన్నారు. జ్యోతి పోలేదు. ఏడవలేదు, తిట్టలేదు. అధికారుల దగ్గర నిలబడి, ముందు కదిలింది నేను కాదు, చూడండి అని అడిగింది. వీడియో చూశారు. ఇద్దరినీ పరిగెత్తనిచ్చి తర్వాత తేల్చారు. చైనా అమ్మాయిని తప్పించారు, మూడో స్థానంలో వచ్చిన జ్యోతికి రజతం ఇచ్చారు. నియమం తెలిసినవాళ్లకి అడిగే ధైర్యం వస్తుంది. మన పిల్లలు అధికారి గదిలోకి వెళ్లి ఒక మాట అడగడానికి ఎంత జంకుతారో నాకు తెలుసు. నేనూ అలాగే పెరిగాను. అందుకే ఈ సంగతి ప్రత్యేకంగా చెప్తున్నాను.

ఇప్పుడు విజ్ఞానం. హాస్టల్లో వారానికోసారి మీకు నీలం మాత్ర ఇచ్చేదాన్ని, గుర్తుందా? రక్తహీనత రాకుండా ఇచ్చే ఐరన్, ఫోలిక్ ఆమ్లం మాత్ర. నాలుక కింద దాచి, నేను అటు తిరగగానే కిటికీలోంచి ఊసేసేవారు. కిటికీ కింద గచ్చు మీద నీలం మరకలు నేను చూడలేదనుకున్నారేమో!

ఆ మాత్రలో ఉన్న ఫోలిక్ ఆమ్లం వెనక ఒక తెలుగాయన ఉన్నారు. ఎల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టారు. ఆయన మెట్రిక్ పరీక్ష, అంటే ఇప్పటి పదో తరగతి లాంటిది, రెండుసార్లు తప్పారు. మూడోసారి పాసయ్యారు. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకి సూటి జవాబు ఇదే. అవునమ్మా, తప్పారు. రెండుసార్లు తప్పారు.

అక్కడితో ఆయన కష్టాలు తీరలేదు. మద్రాసు వైద్య కళాశాలలో చదివేటప్పుడు గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టారు. శస్త్రచికిత్స గదిలోకి కూడా ఖద్దరు గౌనుతో వెళ్లారు. దాంతో ఆంగ్లేయ ఆచార్యుడికి కోపం వచ్చింది. చివరికి ఎంబీబీఎస్ రాలేదు, దాని కంటే తక్కువ డిప్లొమా ఎల్ఎంఎస్ చేతికిచ్చారు. ఆ చదువుకునే రోజుల్లోనే ఆయన సోదరులిద్దరు కొద్దిరోజుల తేడాలో స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. ఆ తర్వాత అమెరికా వెళ్లి, హార్వర్డ్‌లో చదువుకుంటూ ఖర్చుల కోసం ఆసుపత్రిలో రాత్రిపూట కూలి పనులు చేశారు. 1925లో ఫిస్క్ అనే ఆచార్యుడితో కలిసి రక్తంలో భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతి కనిపెట్టారు. ఆ పద్ధతి ఇవాళ్టికీ వాళ్లిద్దరి పేర్లతోనే పాఠ్యపుస్తకాల్లో ఉంది.

తర్వాత లెడర్లీ అనే మందుల సంస్థలో పరిశోధనకు పెద్దయ్యారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారు చేసింది. సోదరులను తీసుకుపోయిన స్ప్రూ జబ్బుకి అదే మందయింది. బోదకాలు రాకుండా ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి మింగించే డీఈసీ మాత్ర, పిల్లల రక్త క్యాన్సర్‌కి దారి చూపిన తొలి మందులు, ఇవన్నీ ఆయన నడిపించిన పనిలోంచి వచ్చినవే. 1948లో, యాభై మూడేళ్లకే కన్నుమూశారు.

మన కొండల్లో సికిల్ సెల్ ఉన్న కుటుంబాలు మీకు తెలుసు. ఆ పిల్లలకి డాక్టర్లు రోజూ ఫోలిక్ ఆమ్లం వేసుకోమని రాస్తారు. పరీక్ష తప్పిన ఒక కుర్రాడు మూడోసారి రాయకుండా ఊరుకుని ఉంటే ఏం జరిగేదో నేను చెప్పలేను. ఇంకెవరైనా కనిపెట్టేవారేమో. కానీ రాశాడు. ఆ ఫలితం మా హాస్టల్ కిటికీ కింద మరకైపోవడం మాత్రం నాకు బాధగా ఉండేది. ఇప్పుడు మాత్ర ఇచ్చేటప్పుడు ఆయన కథ చెప్తున్నాను. మరకలు తగ్గాయి, పూర్తిగా పోలేదు.

ఇక కళలు. ఇక్కడ మనవాళ్ల గురించే చెప్పాలి.

తెలంగాణలో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో మార్లవాయి అనే గోండు గూడెం ఉంది. ఆ ఊరాయన కనకరాజు. దీపావళి రోజుల్లో రాజ్‌గోండులు దండారి పండుగ చేసుకుంటారు. నెమలి ఈకల పెద్ద టోపీ పెట్టుకుని ఆడే గుస్సాడీ ఆ పండుగకి ప్రాణం. కనకరాజు ఆ ఆటలో గురువు. వందలమంది కుర్రాళ్లకి నేర్పారు. ఇందిరాగాంధీ ప్రధానిగా ఉన్న రోజుల్లోనే తన బృందాన్ని ఢిల్లీకి తీసుకెళ్లి ఆడించారు. తర్వాత ఊరికి తిరిగొచ్చి, ఊళ్లోని ఆశ్రమ పాఠశాలలో చిన్న ఉద్యోగం చేసుకుంటూ మళ్లీ పిల్లలకి అడుగులు నేర్పుకున్నారు. పద్మశ్రీ ప్రకటించింది 2021లో. మధ్యలో గడిచింది నలభై ఏళ్లకి దగ్గర. 2024 అక్టోబరులో ఆయన వెళ్లిపోయారు.

రెండో ఆయన సకిని రామచంద్రయ్య. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు దగ్గర కూనవరం. కోయల డోలీ కళాకారుడు. డోలు మోగిస్తూ సమ్మక్క సారలమ్మ, పగిడిద్దరాజుల కథలు, కోయ వంశాల చరిత్ర పాడేవారు. ఆయనకి చదువు రాదు. తరాల వంశవృక్షాలు నోటికి వచ్చు. చరిత్ర రాసేవాళ్లు ఆయన దగ్గరికి వెళ్లి కూర్చుని విని రాసుకున్నారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 జూన్‌లో ఆయనా పోయారు.

ఈ ఇద్దరి దగ్గర నేను నేర్చుకున్నది ముందు నా గురించే. హాస్టల్లో కువి మాట్లాడినా, ఆదివాసీ ఒరియా మాట్లాడినా "తెలుగులో మాట్లాడండి" అని గదమాయించినదాన్ని నేను. పిల్లల మంచికే అనుకున్నాను. రామచంద్రయ్య గారు మా హాస్టల్లో చేరి ఉంటే నేను ఆయన్ని చదువులో వెనకబడ్డ విద్యార్థి అని రిపోర్టు రాసి ఉండేదాన్ని. ఈ ఆలోచన వచ్చాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. గిడుగు రామమూర్తి గారు బయటివారు. పర్లాకిమిడిలో ఉద్యోగం చేస్తూ సవరల దగ్గర కూర్చుని వాళ్ల భాష నేర్చుకుని, 1931లో ఆ భాష గురించి పెద్ద పుస్తకం వెలువరించారు. బయటివారికి అంత విలువ కనిపించిన మాటని, అక్కడ పుట్టిన పిల్లల నోట నేను ఆపాను.

మీకు చెప్పేది ఒకటే. ధింసా అడుగు రావడం, మీ అవ్వ పాడే పాట చివరిదాకా తెలియడం, ఏ ఆకు ఏ జబ్బుకో తెలియడం, వీటికి ఏ మెమోలోనూ మార్కులుండవు. అయినా అవి చదువే. అలాగని వాటితోనే బతుకు గడుస్తుందని నేను అబద్ధం చెప్పను. అరకు రిసార్టులో రాత్రి ధింసా ఆడే మన అక్కచెల్లెళ్లకి చేతికి వచ్చే డబ్బులెన్నో మీకే తెలుసు. కనకరాజు గారికి గుర్తింపు వచ్చేసరికి జీవితం చివరికొచ్చింది. అందుకని మెమో కూడా సంపాదించండి. రెండూ మోసేంత బలం మన భుజాలకుంది. కావడి మోసినవాళ్ల పిల్లలం.

చివరగా పూర్ణ. నిజామాబాద్ జిల్లా పాకాల అనే ఊరు. లంబాడా కుటుంబం. అమ్మానాన్నలు వ్యవసాయ కూలీలు. తాడ్వాయి గురుకులంలో చదువుకునేది. 2014 మే 25న, పదమూడేళ్ల పదకొండు నెలల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. తోడుగా ఖమ్మం వైపు నుంచి వచ్చిన సాధనపల్లి ఆనంద్ కుమార్ అనే కుర్రాడు. ఆ తర్వాత 2022కల్లా ఏడు ఖండాల్లో ఎత్తైన ఏడు శిఖరాలూ పూర్తి చేసింది. ఈ ఫోటో మా గోడ మీద ఉండేది. కింద "కష్టపడితే ఎవరైనా సాధించగలరు" అని రాశాను.

ఆ వాక్యం ఇప్పుడు నాకు సగం నిజంలా కనిపిస్తుంది. పూర్ణ కష్టపడింది, నిజం. కానీ ఆ కష్టానికి ఒక దారి ఎవరో వేశారు. గురుకులాల సంస్థ కార్యదర్శిగా ఉన్న ప్రవీణ్ కుమార్ గారు పేద పిల్లల్ని పర్వతారోహణకి పంపాలనుకున్నారు. శేఖర్ బాబు గారు నేర్పారు. భువనగిరి కొండ రాతి మీద మొదలుపెట్టి, డార్జిలింగ్‌లోనూ, లడఖ్ చలిలోనూ నెలల తరబడి తర్ఫీదు ఇచ్చారు. ప్రజల డబ్బు ఖర్చయింది. ఎవరెస్ట్ మీద తాళ్లు కట్టి, బరువులు మోసే షెర్పాలున్నారు. వాళ్లూ మనలాగే కొండ మనుషులు. అదే ఏడాది ఏప్రిల్ 18న నేపాల్ వైపు మంచు విరిగిపడి పదహారుమంది ఆ పని చేసేవాళ్లు చనిపోయారు. శిఖరం మీద ఒక మనిషి నిలబడ్డ ఫోటోలో వీళ్లెవరూ కనిపించరు.

మన కూలి అమ్మ కష్టపడటం లేదా? పోర్టులో బస్తాలు మోసే అన్న, ఉక్కు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనికి పొద్దున్నే డబ్బా కట్టుకుని వెళ్లే తమ్ముడు కష్టపడటం లేదా? కష్టం మన దగ్గర ఎప్పుడూ తక్కువ కాలేదు. తక్కువైంది ఆ కష్టాన్ని చూసి, ఇటు రా అని దారి చూపే మనిషి. జ్యోతికి బళ్లో వ్యాయామ ఉపాధ్యాయుడు, పూర్ణకి గురుకులం ఆ పని చేశాయి. ఆ అమ్మాయికి నేను చెయ్యాలి. చెయ్యలేదు.

మీలో చాలామంది కిరండూల్ ప్యాసింజర్‌లో ఈ ఊరు వచ్చినవాళ్లే. అదే పట్టాల మీద బైలదిల్లా ఇనుప ఖనిజం కూడా దిగుతుంది. అదీ ఆదివాసీల కొండే. ఏ వ్యాగన్లో ఎన్ని టన్నులు వచ్చాయో పోర్టులో తూచి రాసుకుంటారు. ఆ పట్టాల మీదే దిగిన మన పిల్లల్లో ఎవరు చదువు మధ్యలో ఆపేశారు, ఎవరు ఏ షాపులో నిలబడ్డారు, ఎవరు ఇంటికి పోయి పెళ్లి చేసుకున్నారు, ఈ లెక్క మన సంఘం దగ్గర కూడా లేదు. పెద్దలు కోప్పడకండి, నా దగ్గరా లేదు.

కాబట్టి పాఠాలు చెప్పమన్నారు కనుక, పని చెప్పి ముగిస్తాను.

పరీక్ష తప్పితే అదే ఏడాది సప్లిమెంటరీ ఉంటుంది. మార్కుల మీద అనుమానముంటే రీకౌంటింగ్, రీవెరిఫికేషన్ అడగవచ్చు. ఈ రెంటికీ గడువు ఫలితాలు వచ్చిన కొద్దిరోజులే. ఆ రోజుల్లోనే మన పిల్లలు సిగ్నల్ లేని ఊళ్లలో ఉంటారు. నగరంలో ఉన్న మీరు ఫలితాలు వచ్చిన రోజున మీ ఊరి పిల్లల నంబర్లు చూడండి. పాసైనవాళ్లకి అభినందనలు అందరూ చెప్తారు. తప్పినవాళ్లకి కబురు మీరు పంపండి. ఫీజు తక్కువే, అడిగితే సర్దేవాళ్లు ఈ సభలోనే ఉన్నారు.

ఏళ్లు గడిచిపోయినవాళ్లకి సార్వత్రిక పాఠశాల, అంటే ఓపెన్ స్కూల్ ఉంది. షాపులో పనిచేస్తూనే పదోతరగతి, ఇంటర్ పూర్తి చెయ్యవచ్చు.

సంఘానికి నాదొక విన్నపం. ఒక నోటు పుస్తకం పెట్టండి. ఏ ఊరు, ఎవరి పిల్ల, ఏ తరగతిలో ఆగింది, ఇప్పుడు ఎక్కడుంది, ఎవరు మాట్లాడారు. అంతే. మొదటి పేరు నేను రాస్తాను.

ఆ అమ్మాయి కిందటేడాది నాకు కనిపించింది. ఇదే నగరంలో ఒక బట్టల షాపులో చీరలు మడత పెడుతోంది. నన్ను గుర్తుపట్టి, "ఏ రంగు చూపించమంటారు మేడమ్" అని నవ్వింది. నేను చీర కొనడానికి వెళ్లినదాన్ని, కొనలేదు. సుబ్బారావు గారి సంగతి అక్కడే నిలబడి చెప్పాను. రెండుసార్లు తప్పాడా అని అడిగింది. అవునన్నాను. ఓపెన్ స్కూల్ గురించి చెప్పి, నంబరు ఇచ్చి వచ్చాను. "చూస్తాను మేడమ్" అంది. ఇంకా చేరలేదు. నెలకోసారి ఫోన్ చేస్తున్నాను. ఎత్తుతోంది, అది చాలు ప్రస్తుతానికి.

మా హాల్లో గోడ మీద ఫోటోలు తీసెయ్యలేదు. కింద నేను రాసిన నీతివాక్యాల మీద తెల్ల కాగితాలు అంటించి కొత్త సంగతులు రాశాను. జ్యోతి ఫోటో కింద "13.03, లెక్కలోకి రాలేదు. 13.09, లెక్కలోకి రాలేదు" అని ఉంటుంది. సుబ్బారావు గారి ఫోటో కొత్తగా పెట్టాను, కింద "మెట్రిక్ రెండుసార్లు తప్పారు" అని ఉంటుంది. పూర్ణ ఫోటో కింద ఆమెకి నేర్పినవాళ్ల పేర్లున్నాయి. కనకరాజు గారు, రామచంద్రయ్య గారు పక్కపక్కన ఉన్నారు. గోడ చివర, తలుపు పక్కన, సప్లిమెంటరీ ఫీజు ఆఖరు తేదీ పెద్దక్షరాల్లో ఉంటుంది. పెట్టె తీసుకుని బయటకు వెళ్లేవాళ్లకి కనిపించాలి కదా.

 భోజనాల దగ్గర నోటు పుస్తకం పెడుతున్నాను. తినే ముందు ఒక్కో పేరు రాయండి. మీది కాదు, మధ్యలో ఆగిపోయిన మీ ఊరి పిల్ల పేరు.

జోహార్.